ఊరికొకరున్నా ఒకటే కేలండరు

తెలుగు నేల వెలుపల తరతరాలుగా స్థిరపడిన మన ఇండ్లలో గోడకు రెండు కేలండర్లు వ్రేలాడటం వింత కాదు. ఒకటి ఉన్న ఊరి లెక్కది, రెండవది మన లెక్కది. తమిళనాట రోజుకొక కాగితం చింపే దినసరి కేలండరు సూర్యమానాన్ని అనుసరించి చిత్తిరై, వైకాసి అని నెలలు చెబుతుంది, మనది చాంద్రమానం. ఒడిశాలో చాంద్రమాసం పూర్ణిమతో ముగుస్తుంది, మనకు అమావాస్యతో ముగుస్తుంది. అందుచేత బహుళ పక్షం వచ్చేసరికి వారు చెప్పే నెల వేరు, మనం చెప్పే నెల వేరు. కర్ణాటకంలోను, మహారాష్ట్రలోను ఈ చిక్కు లేదు. మన ఉగాదీ వారి పండుగా ఒకనాడే వస్తాయి. యానాంలో గోడమీది పంచాంగం తెలుగుదే అయినా, సర్కారు సెలవులు పుదుచ్చేరి పట్టిక ప్రకారం నడుస్తాయి. ఎక్కడ ఉన్నా ఇంటి తిథులు మాత్రం ఇంటివే. తాతగారి తద్దినం, కులదేవత కొలుపు, ఆడపడుచు పెండ్లిరోజు, మనుమడి అక్షరాభ్యాసం - ఇవి ఏ అచ్చు కేలండరులోను ఉండవు.

ఒకప్పుడు వీటి బాధ్యత ఇంటి పెద్దావిడది. కొన్ని ఆమె జ్ఞాపకంలో ఉండేవి, కొన్ని పంచాంగం అంచున పెన్సిలు గీతలుగా ఉండేవి. అడిగితే చెప్పేది; అడగకపోయినా వారం ముందే గుర్తు చేసేది. ఇప్పుడు ఇల్లే ఒకచోట లేదు. తల్లి హోసూరులో, కొడుకు బెంగుళూరులో, కూతురు పూణేలో, మనుమడు అమెరికాలో ఉన్న కుటుంబాలు మన సంఘంలో ఎన్నో ఉన్నాయి. ప్రతివారి చేతిలోను ఫోను ఉన్నది, ప్రతి ఫోనులోను ఒక కేలండరు ఉన్నది. కాని ఒకదానిలో వ్రాసినది మరొకదానికి తెలియదు. తద్దినం తేదీ కొడుకు వ్రాసికొంటాడు. ఆ వారమే కూతురు మరో ఊరికి రైలు టిక్కెట్టు తీసికొంటుంది. పురోహితుల వారికి ఇద్దరు రెండు తేదీలు చెబుతారు. ఎవరి తప్పూ లేదు, పని మాత్రం చెడుతుంది.

“వాట్సాప్‌లో పెట్టాం గదా” అని కొందరు అంటారు. కబురు వేరు, పట్టిక వేరు. కబురు పది శుభోదయాల క్రింద కప్పబడిపోతుంది. తేదీ మారితే పాత కబురు తనంతట తాను మారదు. కావలసినది ఏమంటే - ఒకరు ఒకచోట వ్రాస్తే అందరి కేలండర్లలోను అదే కనబడాలి. ఒకరు దిద్దితే అందరికీ దిద్దుబాటు చేరాలి. ఫోను ఏ కంపెనీది అయినా సరే. ఈ పని చేసే మార్గం 2007 నుంచి లోకంలో ఉన్నది. దాని పేరు కాల్‌డావ్. మన కుటుంబాలకు ఇది ఎంతో ఉపయోగపడేది గనుక, దాని సంగతి కొంత వివరంగా చెప్పదలచినాము.

యంత్రాలకు భాష కుదిరిన కథ

ప్రోటోకాల్ అంటే రెండు యంత్రాలు మాట్లాడుకొనే మర్యాద. ఎవరు ముందు పలకరించాలి, ఏ మాటకు ఏ జవాబు ఇవ్వాలి, కాదనవలసి వస్తే ఎట్లా కాదనాలి అనే నియమాల పట్టిక. ఆ పట్టికను బయటపెట్టి, ఎవరైనా చదివి ఎవరైనా వాడుకోవచ్చును అంటే అది బహిరంగ ప్రోటోకాల్ అవుతుంది. ఒక కంపెనీ తనలో తాను దాచుకొంటే అది ఆ కంపెనీ సొంత గుట్టు.

కేలండర్ల విషయంలో మొదట కుదిరింది మాట్లాడే మర్యాద కాదు, వ్రాసే పద్ధతి. ఆపిల్, ఐ.బి.ఎం., ఏ.టి. అండ్ టి., సీమెన్స్ కంపెనీలు కలిసి 1996లో వీకేలండర్ అనే నమూనా తయారు చేసినవి. దానిని పెంచి, సవరించి, ఇంటర్నెట్ ప్రమాణాలను నిర్ణయించే ఐ.ఇ.టి.ఎఫ్. అనే సంస్థ 1998 నవంబరులో ఐకేలండర్ అనే ప్రమాణాన్ని ప్రకటించింది. 2009లో దానినే మళ్ళీ సవరించి ఆర్.ఎఫ్.సి. 5545గా వెలువరించారు. ఇది ఒక విధమైన అచ్చు ఫారం అనుకోవచ్చును. సంగతి పేరు, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, స్థలం, మళ్ళీ ఎప్పుడెప్పుడు వస్తుంది, ఎంత ముందుగా గుర్తు చేయాలి - ఇవన్నీ గళ్ళు. అన్నిటికంటె ముఖ్యమైనది ప్రతి సంగతికీ ఇచ్చే విడి గుర్తు. పేరు మార్చినా, తేదీ మార్చినా ఆ గుర్తు మారదు. అందుచేత ఇది క్రొత్త సంగతా, పాతదానికి దిద్దుబాటా అని యంత్రం పోల్చుకొంటుంది. ఈ-మెయిలులో పెండ్లి ఆహ్వానంతో పాటు ‘ఐ.సి.ఎస్.’ అనే తోకపేరు గల దస్త్రం వస్తే, అది ఈ ఫారమే.

ఫారం కుదిరినా, దానిని చేరవేసే పద్ధతి కుదరటానికి మరి కొన్ని ఏండ్లు పట్టింది. కేలండర్ల కోసమే పూర్తిగా క్రొత్త మర్యాద ఒకటి కల్పించాలని చేసిన ప్రయత్నం 2005 డిసెంబరులో ప్రయోగాత్మకంగా వెలువడి, వాడుకలో నిలవలేదు. ఈలోగా లీసా డుసో అనే ఆమె 2003లో వేరొక ఆలోచన చెప్పింది. వెబ్ పేజీలు రోజూ ప్రయాణించే దారి ఉన్నది గదా. దానిమీద దస్త్రాలను ఉంచటానికి, దిద్దటానికి వెబ్‌డావ్ అనే ప్రమాణం 1999లోనే వచ్చింది గదా. ఆ బండిమీదనే కేలండరు సంగతులను కూడ ఎక్కించరాదా అని. ఆ ఆలోచన 2007 మార్చిలో ఆర్.ఎఫ్.సి. 4791గా, అంటే కాల్‌డావ్‌గా రూపుకట్టింది. దానిమీద పేర్లున్న ముగ్గురిలో సైరస్ డాబూ అప్పుడు ఆపిల్ కంపెనీవాడు, బెర్నార్ దెరుయిసో ఒరాకిల్ కంపెనీవాడు, మూడవ పేరు డుసోది. వేర్వేరు అంగళ్ళవారు ఒకచోట కూర్చుండి ఒకే తూకపురాళ్ళకు ఒప్పుకొన్నారన్నమాట. అదే సంవత్సరం ఆపిల్ తన కంప్యూటర్లలోను, 2008లో గూగుల్ తన కేలండరులోను, 2009లో ఆపిల్ తన ఐఫోనులోను దీనిని ప్రవేశపెట్టినవి.

అసలు చిట్టా, నకళ్ళు

ఇది పనిచేసే తీరు అంగడి లెక్కలు ఎరిగిన వారికి సులభంగా బోధపడుతుంది. అసలు చిట్టా ఒకచోట ఉంటుంది. ఆ చోటును సర్వరు అంటారు. ఎల్లప్పుడూ మేలుకొని ఉండే ఒక కంప్యూటరు అది. ఇంటిల్లిపాది ఫోన్లలో ఉన్నవి ఆ చిట్టాకు నకళ్ళు. చిట్టాలో ప్రతి సంగతీ ఒక విడి కాగితం. ప్రతి కాగితం మీద సర్వరు ఒక ముద్ర వేస్తుంది. కాగితంలో ఒక్క అక్షరం మారినా ముద్ర మారుతుంది. దీనిని ఈట్యాగ్ అంటారు.

ఫోను అప్పుడప్పుడు సర్వరును పలకరిస్తుంది. చిట్టా మొత్తం మళ్ళీ పంపమని అడగదు, “నేను పోయినసారి వచ్చిన తరువాత మారినవి ఏవి?” అని మాత్రమే అడుగుతుంది. సర్వరు మారినవాటినీ, తీసివేసినవాటినీ చెప్పి, “ఇక్కడిదాకా నీకు చెప్పినాను” అని ఒక క్రొత్త చీటీ ఇస్తుంది. మరుసటిసారి ఫోను ఆ చీటీ చూపుతుంది. ఈ చీటీ పద్ధతి 2012లో ప్రమాణంగా స్థిరపడింది. దీనివలన కొద్దిపాటి సిగ్నలు ఉన్నా పని జరుగుతుంది. రైలులో సిగ్నలు బొత్తిగా లేకపోయినా నకలు చేతిలో ఉంటుంది. అందులో చేసిన మార్పులు స్టేషను వచ్చాక సర్వరుకు చేరతాయి.

ఒకే కాగితాన్ని ఇద్దరు దిద్దితే ఏమవుతుంది? అన్నగారు గృహప్రవేశం వేళ మార్చినారు. చెల్లెలు అది తెలియక స్థలం మార్చింది. ఆమె ఫోను తన మార్పును పంపేటప్పుడు, “నా దగ్గర ఉన్న ముద్ర ఇది, నీ దగ్గరా ఇదే ఉంటేనే దిద్దు” అని చెబుతుంది. అన్నగారి దిద్దుబాటుతో ముద్ర అప్పటికే మారిపోయింది గనుక సర్వరు 412 అనే సంఖ్యతో కాదంటుంది. అప్పుడు ఫోను క్రొత్త కాగితం తెచ్చుకొని, దానిని ముందు పెట్టుకొని సర్దుకోవాలి. ఒకరి వ్రాత మరొకరి వ్రాతను చడీచప్పుడు లేకుండా తుడిచివేయకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు ఇది. నలుగురు కలిసి నడిపే ఇంటికి ఇంతకంటె కావలసిన మర్యాద ఏమున్నది?

చిట్టా ఎవరి అంగడిలో ఉన్నా

“అందరం ఒకే కంపెనీ ఖాతా తీసికొంటే పోదా, ఈ ప్రోటోకాల్ గొడవ మనకెందుకు?” అని అడిగేవారు ఉంటారు. అందరూ ఒకే రకం ఫోను కొనే ఇల్లు అరుదు. ఒకవేళ కొన్నా, అంగడివాడు తలుపులు ఎప్పుడు మార్చుకొంటాడో మన చేతిలో ఉండదు. 2013 మార్చిలో గూగుల్ తన కాల్‌డావ్ మార్గాన్ని ఎంపిక చేసిన వారికి మాత్రమే ఉంచి, తక్కిన వారికి సెప్టెంబరు 16 నుంచి మూసివేస్తామని ప్రకటించింది. దానిని వాడుతున్న వారంతా ఆందోళన పడ్డారు. జూన్‌లో ఆ కంపెనీయే మనసు మార్చుకొని, అందరికీ తెరిచే ఉంచుతామని చెప్పింది. తలుపు మూతపడలేదు; కాని అది మూయగల తలుపేనని లోకానికి తెలిసింది.

బహిరంగ ప్రమాణం వలన లాభం ఇక్కడే. చిట్టా ఐకేలండర్ ఫారంలో ఉన్నంత కాలం దానిని ఒక అంగడి నుంచి తీసి మరొక అంగడిలో పెట్టుకోవచ్చును. ఇష్టమైతే మన ఇంట్లోనే పెట్టుకోవచ్చును. రాడికేల్, బైకాల్, నెక్స్ట్‌క్లౌడ్ అనే సర్వరు ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. మొదటి రెండూ చాల చిన్నవి, పాత కంప్యూటరు మీద కూడ నడుస్తాయి. ముప్పై యేండ్ల పెండ్లిరోజులు, పుట్టినరోజులు, తిథులు ఉన్న చిట్టాకు కాపలాదారును మనం మార్చుకోగలిగి ఉండాలి. కాపలాదారు మనలను కట్టివేయరాదు.

తిథి దగ్గర యంత్రం ఆగుతుంది

ఇంత తెలివి గల యంత్రానికి మన తద్దినం తెలుసునా అంటే, తెలియదు. ఇది మన పాఠకులు ముఖ్యంగా గమనించవలసిన విషయం. ఫోనులో ఒక సంగతి వ్రాసి “ప్రతి సంవత్సరం” అని నొక్కితే, అది ఇంగ్లీషు తేదీని పట్టుకొని ఏటేటా అదే తేదీకి వస్తుంది. పుట్టినరోజుకు చాలును. తిథికి చాలదు. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే గనుక ఏడాదికి పదకొండు రోజులు వెనుకకు జరుగుతుంది. అధికమాసం వచ్చి మళ్ళీ ముందుకు త్రోస్తుంది. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. జ్యేష్ఠమాసంలో తిథి ఉన్నవారు ఆ సంవత్సరం ఏ నెలలో జరపాలో పెద్దలనూ పురోహితులనూ అడిగి తేల్చుకోవాలి గాని, ఫోనును అడిగి లాభం లేదు.

ప్రమాణాలు వ్రాసినవారు ఈ విషయాన్ని పట్టించుకోలేదని అనరాదు. ఇంగ్లీషు కేలండరు కాని ఇతర కేలండర్ల ప్రకారం సంగతులు మళ్ళీ మళ్ళీ వచ్చేటట్లు చేయటానికి 2015 మేలో ఆర్.ఎఫ్.సి. 7529 వెలువడింది. చీనా, హీబ్రూ, ఇథియోపియా కేలండర్ల వంటి వాటికి అది పనికివస్తుంది. ఆ పద్ధతిలో వాడే కేలండర్ల పేర్ల పట్టికలో మన దేశానిదీ ఒకటున్నది. అది 1957 మార్చి 22 నుంచి అమలులో ఉన్న జాతీయ శక కేలండరు. మేఘనాథ సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘం సూచించినది అదే. అయితే దాని నెలలు సూర్యుని బట్టి నడిచేవి; తిథులతో వాటికి సంబంధం లేదు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య పన్నెండు డిగ్రీల ఎడం. అది ఒకప్పుడు పందొమ్మిది గంటలే ఉండవచ్చును, మరొకప్పుడు ఇరవయ్యారు గంటల దాకా సాగవచ్చును. ఉగాదికి సూర్యోదయాన ఉన్న తిథిని చూస్తాం, తద్దినానికి అపరాహ్ణంలో ఉన్న తిథిని చూస్తాం. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే. సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. అందుచేతనే మనకు సోమవారం వచ్చిన తిథి అమెరికాలో ఉన్న పిల్లవాడికి ఆదివారం పడటం కద్దు.

కాబట్టి మేము సూచించే పద్ధతి ఇది. ఏటా క్రొత్త పంచాంగం వచ్చినప్పుడు ఇంటిలో తిథులు తెలిసినవారు, ఫోను తెలిసినవారు కలిసి ఒక సాయంకాలం కూర్చోండి. ఆ సంవత్సరపు తిథులన్నిటికీ తేదీలు చూసి ఒక్కొక్కటిగా వ్రాయండి. “ప్రతి సంవత్సరం” అనే మీట నొక్కకండి. సంగతి క్రింద వివరం వ్రాసే చోట మాసం, పక్షం, తిథి, ఎవరి పేర, ఏ గోత్రం అనేవి తెలుగులోనే వ్రాయండి. తెలుగు లిపికి ఈ ఫారంలో ఏ అడ్డంకీ లేదు. తేదీ ఏటా మారిపోతుంది, ఈ వివరం నిలుస్తుంది. పెద్దావిడకు మాత్రమే తెలిసిన సంగతి మొదటిసారి వ్రాతకెక్కేది అప్పుడే. యంత్రం మోసుకొనిపోతుంది, ఏమి మోయాలో చెప్పవలసినది మనమే.

కొన్ని జాగ్రత్తలు

మొదటిది వేళ విషయం. తిథులను, పుట్టినరోజులను “రోజంతా” అనే రకంగా వ్రాయాలి. అట్లా కాక అర్ధరాత్రి పన్నెండు గంటలకు అని వేళ వేసి వ్రాస్తే, అమెరికా ఫోను దానిని అక్కడి వేళకు మార్చి ముందురోజున చూపుతుంది. ఇంటివారంతా ఫోనులో ముఖాముఖి కలుసుకొనే వేళవంటి వాటికి మాత్రం వేళతో పాటు “ఏసియా/కోల్‌కతా” అనే కాలమండలం పేరు ఉండాలి. మనకు రాత్రి 8 గంటలంటే న్యూయార్కులో చలికాలం ఉదయం 9.30, వేసవికాలం ఉదయం 10.30. అక్కడివారు మార్చి రెండవ ఆదివారం గడియారాలు ముందుకు త్రిప్పి, నవంబరు మొదటి ఆదివారం వెనుకకు త్రిప్పుతారు. కాలమండలం పేరు ఉంటే ఆ సర్దుబాటు ఫోనే చేసుకొంటుంది.

రెండవది మరింత ముఖ్యం. అందరి కేలండర్లు ఒకటిగా ఉండటం వేరు, భద్రంగా ఉండటం వేరు. పిల్లవాడు ఆటలో ఒక సంగతి తుడిచివేస్తే, అది అంతే శ్రద్ధగా అందరి ఫోన్లలోనుంచీ తుడుచుకొనిపోతుంది. అందుచేత దిద్దే అధికారం ఇద్దరు ముగ్గురికి ఇచ్చి, తక్కినవారికి చూసే అధికారం మాత్రం ఇవ్వండి. నెలకొకసారి చిట్టా అంతటినీ ఒక ఐ.సి.ఎస్. దస్త్రంగా దింపి వేరేచోట దాచండి. మూడవది గోప్యం. అందరికీ తెలియవలసినవి ఒక కేలండరులో, డాక్టరు దగ్గరకు పోయే తేదీలవంటివి వేరొక కేలండరులో ఉంచుకోవాలి. తాళం, అంటే పాస్‌వర్డు, దీనికి విడిగా ఉండటం మంచిది.

మొదలు పెట్టటం ఎట్లా?

ముందు చిట్టా ఎక్కడ ఉంచాలో నిర్ణయించుకోండి. ఇప్పటికే ఉన్న ఏదో ఒక ఖాతాలో కావచ్చును, పైన చెప్పిన ఉచిత సర్వరులో కావచ్చును. సర్వరు చిరునామా, పేరు, తాళం - ఈ మూడే కావలసినవి. ఐఫోనులో సెట్టింగులలో కేలండరు ఖాతాలు అనే చోట ‘ఇతర’ అన్నది నొక్కితే కాల్‌డావ్ పేరు కనబడుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఇది పుట్టుకతో లేదు. డావ్‌ఎక్స్-ఫైవ్ అనే చిన్న ప్రోగ్రాము వేసికొంటే వంతెన ఏర్పడుతుంది, ఆ తరువాత ఫోనులో ఉన్న మామూలు కేలండరే చిట్టాను చూపుతుంది. కంప్యూటరులో థండర్‌బర్డ్ అనే ఉచిత ప్రోగ్రాము ఈ పని చేస్తుంది. మొదట రెండు ఫోన్లతో మొదలు పెట్టి, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలో కనబడిన తరువాతనే తక్కిన వారిని చేర్చుకోవటం మేలు. అమ్మగారి ఫోను ఆఖరున చేర్చండి. అప్పటికి తప్పులన్నీ బయటపడి ఉంటాయి, ఆమెకు శ్రమ ఉండదు.

చివరగా ఒక మనవి. ఒక్కొక్క ఇంటి తిథులు ఆ ఇంటివే గాని, ఉగాది, సంక్రాంతి, సంఘం సర్వసభ్య సమావేశం అందరివీ. వీటిని ఒక ఐ.సి.ఎస్. పట్టికగా తయారు చేసి ఒక చిరునామాలో ఉంచితే, సభ్యులు తమ ఫోన్లలో దానికి చందాదారులుగా చేరవచ్చును. ఇది చూడటానికి మాత్రమే వీలయ్యే ఏకముఖ మార్గం, ఎవరూ పాడుచేయలేరు. సమావేశం తేదీ మారితే కార్యదర్శిగారు ఒక్కచోట దిద్దితే చాలును. దీనికి ఖర్చు దాదాపు లేదు. పంచాంగం తెలిసిన ఒక పెద్ద, కంప్యూటరు తెలిసిన ఒక యువకుడో యువతో ముందుకు రావాలి. అన్ని ఊళ్ళ తెలుగు సంఘాలలోను ఇద్దరికీ కొదువ లేదు. వారిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే భారం సంఘం పెద్దలు వహించాలని కోరుతున్నాము.